అత్తగారి వాటా

మా అక్క మీద చాలామందికి చాలా ఫిర్యాదులున్నాయి. పిసినారి అన్నారు, మొండిఘటం అన్నారు, ఎవర్నీ నమ్మని మనిషి అన్నారు. మొదటి రెండూ నిజమే. చివరిది మాత్రం పచ్చి అబద్ధం. అక్క ఇద్దర్ని నమ్మింది. ఒకరు మా ఆయన, రెండోదాన్ని నేను. ఈ నాలుగు మాటలు రాయడానికి నాకంటే అనర్హురాలు ఇంకొకరు ఉండరని తెలిసే రాస్తున్నాను. వేరే ఎవరు రాసినా మా ఇద్దర్నీ మొహమాటానికైనా కాస్త వెనకేసుకొస్తారు.

అక్క ఇరవై రెండేళ్లు ఒక డేటా సెంటర్‌లో పనిచేసింది. ఊరి చివర కిటికీల్లేని పొడుగాటి తెల్ల కట్టడం అది. మనం ఫోన్‌లో దాచుకునే ఫొటోలూ, ఆఫీసుల కాగితాలూ, ఆస్పత్రుల రిపోర్టులూ ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, అలాంటి చోటు. లోపల పెద్ద హాలు. హాల్లో మనిషికంటే ఎత్తు ఇనుప బీరువాలు వరుసలుగా నిలబెట్టి ఉంటాయి. వాటిని రాక్‌లంటారు. ఒక్కో రాక్ నిండా కంప్యూటర్లే. వాటికి తిండీ తిప్పలూ అక్కర్లేదు, కరెంటూ చల్లదనమూ ఉంటే చాలు. కరెంటు సంగతి అక్క చూసేది. చల్లదనం సంగతి మా ఆయన చూసేవాడు. మొగుణ్ణి ఏకవచనంలో రాస్తోందేమిటని ఎవరైనా మూతి విరుచుకుంటే విరుచుకోండి. పూర్తిగా చదివాక మీరే సర్దుకుంటారు.

ఆఫీసులో అక్కని అందరూ మీటరక్క అనేవాళ్లు. తీగని పటకారులా పట్టుకుని అందులో ఎంత కరెంటు పోతోందో చెప్పే చిన్న మీటరు ఒకటి ఎప్పుడూ ఆమె నడుముకి వేలాడుతూ ఉండేది. గోడ మీద పెద్ద తెర ఉంది, ప్రతి రాక్ ఎంత తింటోందో రంగురంగుల్లో చూపిస్తుంది. అయినా రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి అక్క హాల్లోకెళ్లి పన్నెండు వరుసలూ నడిచి, తీగ తీగనీ పట్టుకు చూసి, పుస్తకంలో రాసుకునేది. "తెర ఉందిగా మేడమ్, కాళ్లరగదీసుకోవడమెందుకు?" అని కొత్తగా చేరిన ఇంజినీరెవరో అడిగితే, "తెరకి ఎవరో చెప్తే తెలుస్తుంది బాబూ, నాకు చూస్తే తెలుస్తుంది," అందట.

అక్క పని అర్థం కావాలంటే ఒక్క సంగతి తెలియాలి. హాల్లో ప్రతి రాక్‌కీ రెండు తీగలుంటాయి. ఒకటి ఎడమ లైను నుంచి, ఇంకోటి కుడి లైను నుంచి. మామూలు రోజుల్లో రెండు లైన్లూ చెరిసగం మోస్తాయి. ఏదో ఒకటి పోయిందా, రెండోది మొత్తం బరువు తన నెత్తిన వేసుకోవాలి. కాబట్టి ఏ లైనూ ఎప్పుడూ సగానికి మించి మోయకూడదు. చెప్పడానికి ఇంతే. కానీ సగం ఖాళీగా ఉన్న లైనుని చూస్తే అమ్మకాల విభాగం వాళ్లకి నోరూరుతుంది. ఆ ఊరే నోళ్లకీ లైనుకీ మధ్య ఇరవై రెండేళ్లు అడ్డంగా నిలబడింది మా అక్క.

ఇంట్లోనూ అదే వరస. నా పెళ్లయిన కొత్తలో మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. తిన్నగా వెళ్లి కరెంటు మీటరు పెట్టె మూత తీసి చూసింది. "హీటరూ, ఇస్త్రీ పెట్టె రెండూ ఒకే తీగ మీద పెట్టారేమే?" అని నాకు చీవాట్లు పెట్టాకే టీ తాగింది. నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. అమ్మ పోయాక నాకు తల దువ్వి బడికి పంపింది తనే. తను మాత్రం పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "ఒక్క చెల్లెలికే నా లోడంతా సరిపోయింది," అని నవ్వేది.

నా పెళ్లయిన రెండో ఏడు మా ఆయన పనిచేసే ఐసు ఫ్యాక్టరీ మూతపడింది. ఇంట్లో కూర్చుని గోళ్లు గిల్లుకుంటున్న మనిషిని అక్కే తీసుకెళ్లి తన ఆఫీసులో చేర్పించింది. "మరిదిగారూ, నీళ్లని గడ్డకట్టించిన చేతులకి గాలిని చల్లబరచడం ఒక లెక్కా?" అంది. ఆయన నిజంగానే పనిమంతుడు. ఐదేళ్లలో చల్లదనం విభాగమంతా ఆయన చేతికొచ్చింది. వదినా మరిదీ మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర డబ్బాలు విప్పుకుని తినేవాళ్లు. "వేడీ మీ ఇంటిదే, చలవా మీ ఇంటిదే," అని ఆఫీసు వాళ్లు ఆటపట్టించేవాళ్లట.

ఇక అసలు సంగతి. ఆరేళ్ల కిందట వాళ్ల కట్టడంలోనే పక్క హాల్లో ఒక లైనుని మరమ్మతు కోసం ఆపారు. కాగితం ప్రకారం రెండో లైను మొత్తం మోయాలి. కానీ ఆ హాలు కరెంటుని చివరి కిలోవాటు దాకా ఖాతాదారులకి అమ్ముకున్నారు, పైగా అందరూ ఎక్కువ వాడే గంట అది. రెండో లైనూ పడిపోయింది. నాలుగు గంటలపాటు ఒక ఆస్పత్రి ల్యాబు రిపోర్టులు ఎవరికీ అందలేదు. ఆ ఆస్పత్రి గుమాస్తా ఫోన్ చేసి ఏడుస్తుంటే, ఆ హాలుతో సంబంధం లేకపోయినా, ఫోనెత్తిన పాపానికి అక్క వింది. "పక్కన జనం నిలబడి ఉన్నారు మేడమ్, ఏం చెప్పమంటారు?" అని అడిగాడట అతను.

ఆ మర్నాటి నుంచి అక్క ఒక పని మొదలుపెట్టింది. తన హాలు బలం ఆరువందల కిలోవాట్లు. ప్రతి మూడు నెలలకీ పైవాళ్లకి ఇచ్చే ధ్రువపత్రంలో ఐదువందల నలభై అని రాయడం మొదలెట్టింది. అరవై దాచింది. తన కోసం కాదు, తను ఇంట్లో వెలిగించేది రెండు బల్బులు. ఆ అరవై ఎవరికీ తెలియకుండా ఉంటేనే ఎవరూ అమ్మరు, చెడ్డరోజున హాలు నిలబడుతుంది. అదీ ఆమె ఆలోచన.

కానీ అది ఒక్క చేత్తో దాచగలిగేది కాదు. లోపలికి పోయిన కరెంటంతా చివరికి వేడిగా మారుతుంది, ఆ వేడిని బయటికి లాగడం చల్లదనం వాళ్ల పని. కరెంటు ఎంతకి సరిపోతుంది, చల్లదనం ఎంతకి సరిపోతుంది, రెండు పత్రాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఒకదాంట్లో ఐదునలభై, ఇంకోదాంట్లో ఆరువందలు ఉంటే దొరికిపోతారు. కాబట్టి అక్క అబద్ధానికి మా ఆయన అబద్ధం తోడు కావాలి. అడిగింది. ఆయన ఒప్పుకున్నాడు. అప్పట్లో ఆయనా ఆ పక్క హాలు సంగతి చూసి బెదిరిపోయే ఉన్నాడు.

మూడు నెలలకోసారి ఆ రెండు పత్రాలూ మా ఇంట్లో, నేను కూరలు తరిగే బల్ల మీద తయారయ్యేవి. టీ పోసేదాన్ని నేను. అరవై అనే మాట పైకి అనకూడదు కనక దానికి మా ఆయనే పేరు పెట్టాడు, అత్తగారి వాటా అని. "వదినా, అత్తగారి వాటా తీసి పక్కన పెట్టారా?" అనేవాడు. "పెట్టాను మరిదిగారూ, ఆవిడ జోలికెవరొస్తారు?" అనేది అక్క. ముగ్గురం పగలబడి నవ్వేవాళ్లం. ఆ నవ్వులో నేనూ ఉన్నానని గుర్తుపెట్టుకోండి. నాకేమీ తెలియదని చెప్పుకునే దారి నాకు లేదు.

పోయిన ఏడాది చివర వాళ్ల పెద్దసారు, అంటే కరెంటూ చల్లదనమూ రెండు విభాగాల మీదా ఉండే మేనేజరు, మానేశాడు. ఆ కుర్చీలోకి అక్కే వస్తుందని అందరూ అనుకున్నారు. సరిగ్గా అప్పుడే ఒక కొత్త ఖాతాదారు దిగాడు. మనిషిలా మాట్లాడే ప్రోగ్రాములు నడిపే యంత్రాలట అతనివి. ఒక్కో రాక్ పాత రాక్‌లు ఐదింటి కరెంటు తింటుంది. యాభై కిలోవాట్లు కావాలి, అదీ వెంటనే. డైరెక్టరు అందర్నీ అడిగాడు, ఎక్కడైనా దొరుకుతుందా అని. అక్క లేదంది. ఇంకోసారి అడిగాడు. మళ్లీ లేదంది. వెతికిపెట్టిన వాళ్లని మర్చిపోనని డైరెక్టరు అందరి ముందూ అన్నాడు. ఆ మాట మా ఆయన చెవిలో జోరీగలా తిరిగింది.

ఒక సోమవారం, పొద్దున ఎనిమిదింటికి, పళ్లెం ముందు కూర్చుని నాకు చెప్పాడు.

"ఇవాళ పదకొండింటికి మీటింగుంది. అరవై సంగతి చెప్పేస్తున్నాను."

"ఏ అరవై?" అన్నాను, తెలిసే.

"అత్తగారిది."

చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "అక్కకి చెప్పారా?"

"చెప్తే ఊరుకుంటుందా? ఆపేస్తుంది."

"అయ్యో, మరి అక్క ఏమైపోతుందండీ?"

"ఏమీ అవదు. మహా అయితే రెండు మాటలంటారు. ఇరవై రెండేళ్ల మనిషి, ఎవరు కదుపుతారు? ఎప్పటికీ వదిన వెనకాల మీటరు మోసే మరిదిలా ఉండిపొమ్మంటావా నన్ను?"

చొక్కా ఇస్త్రీ చేసిచ్చాను. మెడ దగ్గర మడత ఉంటే నీళ్లు చల్లి ఇంకోసారి చేశాను. ఆయన వెళ్లాడు.

అప్పటికి ఎనిమిదిన్నర. అక్క హాల్లో నడుస్తూ ఉంటుంది. తొమ్మిదిన్నరకి తన బల్ల దగ్గరికొస్తుంది. ఒక్క ఫోన్ చేస్తే చాలు, "అక్కా, ఆయన చెప్పేయబోతున్నాడు, నువ్వే ముందు చెప్పెయ్" అని. తనే వెళ్లి చెప్పుకుంటే సంగతి వేరేగా ఉండేది. ఫోన్ తీశాను, అక్క నంబరు దాకా వెళ్లాను. ఆగిపోయాను. ఎందుకాగానో అందంగా చెప్పొచ్చు, భార్యాభర్తల మధ్య మాట బయటపెట్టకూడదనుకున్నానని. అది కాదు. పన్నెండేళ్లుగా ఎక్కడికెళ్లినా నేను మీటరక్క చెల్లెల్ని, మా ఆయన మీటరక్క మరిది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, పెద్దసారు భార్యనని అనిపించుకోవాలని ఉండింది నాకు. ఫోన్ పెట్టేసి గిన్నెలు తోముకున్నాను.

మీటింగులో జరిగింది ఆ తరువాత ఇద్దరు ముగ్గురి నోట విన్నాను. మా ఆయన కొత్త పత్రం ఒకటి బల్ల మీద పెట్టాడు. చల్లదనం ఆరువందలకీ సరిపోతుందని పరీక్ష చేసి చూశానన్నాడు. కరెంటు వైపే ఎక్కడో తక్కువ చూపిస్తున్నట్టుందన్నాడు. ఇద్దరం కలిసి దాచామని చెప్పలేదు ఆ మహానుభావుడు, తనే కనిపెట్టానని చెప్పాడు. డైరెక్టరు ట్రాన్స్‌ఫార్మరు కాగితాలు తెప్పించాడు. లెక్క తేలిపోయింది.

"మరి ఆరేళ్ల నుంచి మీ పత్రాల్లోనూ ఐదునలభై అనే ఉందే?" అని డైరెక్టరు మా ఆయన్ని అడిగాడట.

ఈయన, "వదిన చెప్పిన అంకె నమ్మి రాశాను సార్. పెద్దది కదా అని పరీక్షించలేదు," అన్నాడట.

అప్పుడందరూ అక్క వైపు చూశారు. అక్క నోరు విప్పితే చాలు. ఆరేళ్లలో ఇరవైనాలుగు సార్లు మా ఇంటి బల్ల మీద, నా చేతి టీ తాగుతూ, ఈయన తెలిసి తెలిసి పెట్టిన సంతకాలు. అక్క మా ఆయన మొహంలోకి చూసిందట. ఆయన తల దించుకున్నాడట. అక్క డైరెక్టరు వైపు తిరిగి, "అవును, దాచాను. ఈ హాలు పడిపోకూడదని దాచాను. నేనొక్కదాన్నే," అంది.

కాగితాల్లో అబద్ధం రాసిన మనిషి చేతిలో మీటరు ఉండటానికి వీల్లేదన్నారు. రాజీనామా రాసిమ్మన్నారు. హాలు తలుపు తెరిచే కార్డు అక్కడికక్కడే తీసేసుకున్నారు. ఇరవై రెండేళ్లు నడిచిన హాలుని చివరిసారి చూసుకోవడానికి కూడా లోపలికి వెళ్లనివ్వలేదు. సాయంత్రం నేను అక్క ఇంటికి పరిగెత్తాను. తను వంటింట్లో నిలబడి శుభ్రంగా ఉన్న గట్టుని మళ్లీ తుడుస్తోంది.

"మరిదిగారు వెన్నుపోటు పొడిచారే," అంది. "ఎవరో బయటివాడైతే ఇంత బాధ ఉండేది కాదు."

నేను అక్కని పట్టుకుని ఏడ్చాను. తిట్టాను కూడా, ఆయన్ని, నోటికొచ్చినట్టు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. కానీ నాకు ముందే తెలుసన్న ముక్క మాత్రం ఆ ఏడుపులోంచి జాగ్రత్తగా తప్పించాను. అక్క నా వీపు నిమిరింది. నువ్వు మీ ఆయనతో గొడవ పెట్టుకోకు అని నాకే చెప్పి పంపింది.

మా ఆయన పెద్దసారు అయ్యాడు. నేను పెద్దసారు భార్యనయ్యాను. ఇరుగుపొరుగు రెండు వారాలు అభినందించారు, ఆ తర్వాత అందరికీ పాతబడిపోయింది.

అమ్మిన యాభై కిలోవాట్ల తాలూకు యంత్రాలొచ్చాయి. వాటి తీరు పాతవాటిలా లేదు. కాసేపు గమ్మున ఉంటాయి, అన్నీ ఒక్కసారిగా లేస్తాయి. లేచినప్పుడు హాలు ఐదువందల తొంభై దాకా పోతుంది. రెండు లైన్లూ ఉన్నంతకాలం ఏమీ కాలేదు. మూడు నెలలు గడిచాయి, ఎండలు ముదిరాయి. ఎడమ లైనుకి ఏడాదికోసారి చేయాల్సిన మరమ్మతు గడువు దగ్గరపడింది. దాన్ని రెండు గంటలు ఆపాలి, అంతసేపూ కుడి లైను మొత్తం మోయాలి. వాయిదా వేసే వీల్లేదు. గురువారమని తేదీ పడింది. మా ఆయనకి తిండి సయించడం మానేసింది. చల్లదనం తెలిసిన మనిషే కానీ ఏ తీగ ఎంత మోస్తుందో ఆయనకేం తెలుసు?

ఆదివారం పొద్దున నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "మీ అక్కని ఒకసారి అడిగి రావూ," అన్నాడు.

"ఏ మొహం పెట్టుకుని అడగమంటారు?"

"నేనడిగితే చెప్పదు. నువ్వడిగితే కాదనదు."

ఆయన చెప్పింది నిజమే. అందుకే ఒళ్లు మండిపోయింది. తిట్టుకుంటూనే వెళ్లాను.

అక్క చిక్కిపోయింది. నన్ను చూసి నవ్వి టీ పెట్టింది. ఆయన పంపిన అంకెల కాగితం బల్ల మీద పరిచి సంగతి చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. అక్క కళ్లజోడు పెట్టుకుని కాగితం మీదికి వంగింది. ఆ పది నిమిషాలూ మూడు నెలల కిందటి మీటరక్కే.

"కుడి లైనులో ఉండే మూడు ఫేజు తీగల్లో మూడోదాని మీద బరువెక్కువుంది చూడు. ఐదో వరుసలో చివరి నాలుగు రాక్‌లూ దాని మీదే ఉన్నాయి. వాటిని రెండో ఫేజుకి మార్చమను. ఎండెక్కకముందే, పొద్దున పదిలోపు లైను ఆపి పని ముగించాలి. అన్నిటికంటే ముందు ఆ కొత్త యంత్రాల వాళ్లని అడగమను, ఆ రెండు గంటలూ పని సగానికి తగ్గించుకోమని. ఒప్పుకున్నట్టు రాసి తీసుకోమను. అడగడానికి నామోషీ అయితే లైను ముట్టుకోవద్దను."

చెప్తూనే అదే కాగితం వెనక వరుసగా రాసింది. మూడు నెలలైంది హాలు మొహం చూసి. ఒక్క పుస్తకం తెరవకుండా రాక్ నంబర్లు రాస్తోంది.

"పక్క హాలు పడిపోయాక ఆస్పత్రి వాళ్ల రాక్‌లు మన హాల్లోకే మార్చారు, ఇంకా అందులోనే ఉన్నాయి," అంది, మీకోసం చేస్తున్నాననుకోకు అన్నట్టు.

రాయడం పూర్తయ్యాక కళ్లజోడు తీసింది.

"ఒకటడుగుతాను. నీకు ముందే తెలుసా?"

తెలియదని చెప్పడం ఎంతసేపు? కానీ ఆ కాగితం ముందు కూర్చుని ఇంకో అబద్ధం రాలేదు నాకు.

"తెలుసు."

"ఎప్పుడు?"

"ఆ రోజు పొద్దున. ఎనిమిదింటికి చెప్పారు."

"మీటింగు పదకొండింటికి," అంది అక్క. వేళ్ల మీద తీసివేత చేసింది. "మూడు గంటలు."

"అక్కా..."

"నేను ఆ గదిలో ఒక్క మాటంటే మీ ఆయన ఉద్యోగం కూడా పోయేది. అనబోయాను కూడా. నీ మొహం గుర్తొచ్చి మింగేశాను." అక్క కళ్లజోడు బల్ల మీద పెట్టింది. "ఆ మూడు గంటల్లో నీకు నా మొహం గుర్తుకు రాలేదా?"

రాలేదు అంటే బాగుండేది. మతిలేని దానివి అని సరిపెట్టుకునేదేమో.

"వచ్చిందక్కా. నీ నంబరు దాకా వెళ్లి ఫోన్ పెట్టేశాను."

అక్క అరవలేదు. అరిస్తే కాళ్ల మీద పడేదాన్ని. పెన్నుకి మూత పెట్టి, కాగితం రెండు మడతలు పెట్టి నా చేతికిచ్చింది. నేను లేచి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే లోపల్నుంచి పిలిచింది. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

"ఇక ముందు హాలు గురించి ఏదైనా అడగాలంటే ఆఫీసు నుంచి ఫోన్ చేయించమను, చెప్తాను," అంది. "నిన్ను మాత్రం పంపొద్దను."